వీధి తలుపు, నడిమింటి తలుపు: రౌటర్లు ఎక్కువున్న ఇంట్లో పోర్టులు వాటంతటవే తెరుచుకోవాలంటే

(బరంపురంలో నెట్ కనెక్షన్లు, సీసీ కెమెరాలు అమర్చే పనివారి ముందు తెలుగులో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టు రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలెడదాం.

ఈ ఊళ్ళో పాత వీధుల ఇళ్ళు మీ అందరికీ తెలుసు. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం ఎక్కడో దూరాన కనిపిస్తుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, అదీ మందం. ఫైబర్ వీధి వైపు నుంచి వస్తుంది కాబట్టి ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్‌ని ఇంటి నెట్‌గా మార్చేది, అదీ ఒక రౌటరే) ముందు గదిలోనే బిగిస్తాం. నడవ దాటేసరికి వైఫై సగమవుతుంది, వంటింటికి చేరేసరికి ఉండదు. అందుకని మధ్య గదిలో ఒక రౌటర్ పెడతారు. మేడ మీద అద్దెకున్నవాళ్ళు తమ డబ్బుతో ఇంకొకటి కొని తగిలించుకుంటారు. మొత్తం మూడు. పర్లాకిమిడిలో చూడండి, రాయగడలో చూడండి, ఇదే వరస.

యూట్యూబ్ ఆడుతుంది, వాట్సాప్ కాల్ వెళ్తుంది, కాబట్టి లోపం ఉందని ఎవరికీ తెలీదు. బయటినుంచి లోపలికి రావలసి వచ్చినప్పుడే బయటపడుతుంది. విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఇక్కడ అమ్మానాన్నల ఇంటి డీవీఆర్ (కెమెరాల వీడియో దాచే పెట్టె) చూడాలి. లేదా మేడమీది కుర్రాడి ఆటల పెట్టె ఎక్స్‌బాక్స్ 'డబుల్ నాట్', అంటే ఒకదాని వెనక ఒకటి రెండు నాట్‌లు, అని చూపిస్తుంది. మనకి ఫోన్ వస్తుంది. వెళ్తాం, రౌటర్ పేజీ తెరుస్తాం, యూపీఎన్‌పీ (పరికరం అడిగితే రౌటర్ దానంతటదే పోర్టు తెరిచే ఏర్పాటు) ఆన్‌లోనే ఉంటుంది. పట్టికలో పోర్టు, అంటే అంకె వేసిన తలుపు లాంటిది, తెరిచినట్టు కూడా కనిపిస్తుంది. అయినా బయటినుంచి రాదు.

ఎందుకు రాదో, ఎలా రప్పించాలో చెప్పడానికే వచ్చాను. ఇంట్లో రౌటర్లు ఎన్నున్నా ఫరవాలేదు, నాట్ (ఇంట్లోని పరికరాలన్నిటికీ బయటికి ఒకే అడ్రస్ చూపించే పని) చేసేది మాత్రం ఒక్కటే ఉండాలి. ఈ పూట చెప్పబోయేదంతా ఆ ఒక్కటి ఏదో ఎంచుకోవడం గురించి, అది కుదరని ఇళ్ళలో ఏం చెయ్యాలనే దాని గురించి.

నాట్ మీకు కొత్త కాదు. లోపల ఇరవై పరికరాలు, బయటికి ఒక్కటే అడ్రస్. లోపలివాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు రౌటర్ తన పుస్తకంలో ఒక పద్దు రాసుకుంటుంది. జవాబు రాగానే ఆ పద్దు చూసి ఎవరిది వాళ్ళకి ఇస్తుంది. బయటివాళ్ళే ముందుగా వచ్చి తలుపు తడితే పుస్తకంలో పద్దు లేదు, ఎవరికివ్వాలో తెలీదు, పారేస్తుంది. పోర్టు ఫార్వర్డింగ్ అంటే ఆ పద్దు ముందే రాసిపెట్టడం. 'బయట 37777కి ఎవరొచ్చినా 192.168.1.50కి పంపు' అని. మనం పేజీలోకి వెళ్ళి రాస్తే చేతి పద్దు. పరికరమే రౌటర్‌ని అడిగి రాయించుకుంటే ఆటోమేటిక్.

అలా అడగడానికి మూడు భాషలున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది యూపీఎన్‌పీ. ఇందులో గేట్‌వేకి సంబంధించిన మొదటి ప్రమాణం 2001లో వచ్చింది, రెండోది 2010లో. రెండో భాష నాట్‌-పీఎంపీ. ఆపిల్ సంస్థ 2005లో తెచ్చింది, 2013లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 6886గా అచ్చయింది. మూడోది పీసీపీ, దాని వెనకాలే ఆర్‌ఎఫ్‌సీ 6887గా వచ్చింది. మన ఊరి ఇళ్ళలో నూటికి తొంభై పాళ్ళు మీకు తగిలేది యూపీఎన్‌పీయే, కాబట్టి అది ఏం చేస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం.

ఎక్స్‌బాక్స్ ఆన్ చేశారనుకోండి. అది 239.255.255.250 అనే అడ్రస్‌కి, యూడీపీ (డేటా పంపే రెండు ముఖ్య పద్ధతుల్లో ఒకటి, ఇంకోటి టీసీపీ) 1900 పోర్టు మీద ఒక కేక వేస్తుంది. 'ఇక్కడ గేట్‌వే ఎవరైనా ఉన్నారా?' అని. రౌటర్ విని, 'నేనున్నాను, నా వివరాలు ఫలానా పేజీలో ఉన్నాయి' అని జవాబిస్తుంది. ఎక్స్‌బాక్స్ ఆ పేజీ తెచ్చుకుని చదువుతుంది. చదివి, 'పోర్టు పద్దు చేర్చు' అనే ఆజ్ఞ పంపుతుంది. ఆ ఆజ్ఞలో బయటి పోర్టు 3074, యూడీపీ, లోపలి అడ్రస్, లోపలి పోర్టు, ఒక పేరు, ఎన్ని సెకన్లు ఉంచాలో ఆ గడువు ఉంటాయి. రౌటర్ రాసేసుకుని 'సరే' అంటుంది. ఎక్కడా పాస్‌వర్డ్ అడగలేదు. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కేక గోడ దాటదు. అది ఒక్క లాన్‌లోనే, అంటే ఒక రౌటర్ లోపలి నెట్‌వర్క్‌లోనే, వినిపించే కేక. రౌటర్ దాన్ని అవతలి వైపుకి పంపదు. నాట్‌-పీఎంపీ కేక వెయ్యదు, సూటిగా తన డిఫాల్ట్ గేట్‌వేని యూడీపీ 5351 మీద అడుగుతుంది. ఫలితం అదే. పరికరానికి దగ్గర్లో ఉన్న రౌటర్ ఒక్కటే వింటుంది. నడిమింటి తలుపు తెరుచుకుంది. వీధి తలుపుకి ఆ కబురే అందలేదు. బయటినుంచి వచ్చినవాడు వీధి తలుపు దగ్గరే ఆగిపోతాడు. నడిమింటి రౌటర్ మాత్రం తన పట్టికలో 3074 తెరిచాను అని చూపిస్తూనే ఉంటుంది. అది అబద్ధం చెప్పడం లేదు, తన తలుపు తను తీసింది. మనం ఆ పట్టిక ఒక్కటే చూసి పని అయిందనుకుంటున్నాం.

పీసీపీలో ఒక రౌటర్ ఇంకో రౌటర్‌కి అభ్యర్థన అందించే ఏర్పాటు కాగితం మీద ఉంది. ఇళ్ళలో వాడే రౌటర్లలో అది దొరకడం అరుదు. దాన్ని నమ్ముకుని ఇల్లు డిజైన్ చెయ్యకండి.

ఇంటికి వెళ్ళగానే చెయ్యాల్సిన మొదటి పని రౌటర్ సెట్టింగులు మార్చడం కాదు, తలుపులు లెక్కపెట్టడం. ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద ఉండి, 'నా ఐపీ ఎంత' అని చూపించే సైట్ ఏదైనా తెరవండి. వచ్చిన అంకె కాగితం మీద రాసుకోండి. తర్వాత వీధి వైపున్న ఓఎన్‌టీ పేజీలోకి వెళ్ళి స్టేటస్‌లో వాన్ ఐపీ (రౌటర్ బయటి వైపు అడ్రస్) చూడండి. రెండూ ఒకటే అయితే ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ ఉన్నట్టు, అదృష్టవంతులు. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది సీజీనాట్. కంపెనీ తన దగ్గరే ఇంకో పెద్ద నాట్ పెట్టిందని అర్థం. 2012లో ఆ వరస మొత్తాన్ని ఈ పనికోసమే కేటాయించారు. 10తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు గానీ, 192.168తో గానీ మొదలైనా పైన ఇంకెవరో నాట్ చేస్తున్నారనే.

సీజీనాట్ ఉన్న ఇంట్లో మీరు లోపల ఎన్ని పోర్టులు తెరిచినా దండగే. ఊరి పొలిమేర గేటే మూసి ఉంది, మీ చేతిలో లేదు. కస్టమర్‌కి ముందే ఆ మాట చెప్పండి, గంటసేపు తంటాలు పడి తర్వాత కాదు. అక్కడ దారులు మూడు. కంపెనీని అడిగి నెలకి ఇంత అని కట్టి స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) తీసుకోవడం ఒకటి. ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్‌లు) వస్తుంటే దాని మీద నడిపించడం రెండు. బయట ఒక చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని, ఇంటినుంచే దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం వేసుకోవడం మూడు. ఈ మూడోదాంట్లో కీప్‌అలైవ్ (బతికే ఉన్నానని పంపే సంకేతం) 25 సెకన్లు పెట్టడం మరచిపోకండి. పెట్టకపోతే కాసేపు ఏమీ నడవకపోయేసరికి పైనున్న నాట్ ఆ పద్దు కొట్టేస్తుంది, సొరంగం మూసుకుపోతుంది.

ఇంట్లో ఎన్ని నాట్‌లున్నాయో చూడ్డానికి విండోస్ లాప్‌టాప్‌ని అన్నిటికన్నా లోపలి రౌటర్‌కి కలపండి. నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి, ట్రేస్‌ఆర్‌టీ, ఖాళీ, హైఫన్ డీ, ఖాళీ, 8.8.8.8 అని కొట్టండి. మొదటి వరసలో 192.168.0.1, రెండో వరసలో 192.168.1.1 వస్తే ఇంట్లో రెండు రౌటర్లు రూటింగ్ చేస్తున్నాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఓఎన్‌టీ దాటాక మూడో వరసలో 10తో మొదలయ్యే అంకె కనిపించినంత మాత్రాన అది మూడో నాట్ కాదు. కంపెనీలు తమ లోపలి రౌటర్లకి కూడా ఆ అంకెలు పెట్టుకుంటాయి. నాట్ ఉందా లేదా అని తేల్చేది ఇందాక చెప్పిన వాన్ ఐపీ పోలికే.

ఇప్పుడు మందు. ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఒకే కుటుంబమైతే వేరే ఆలోచనే వద్దు. నడిమింటి రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే నాట్ చెయ్యకుండా వైఫై మాత్రం ఇచ్చేదిగా, మార్చండి. దాని మెనూలో ఆ మోడ్ ఉంటే ఒక్క నొక్కుతో అయిపోతుంది. మెష్ సెట్లు (ఇల్లంతా వైఫై పంచే డబ్బాల జతలు) కూడా డబ్బాలోంచి తియ్యగానే రౌటర్ మోడ్‌లోనే ఉంటాయి, వాటినీ మార్చాలి. పాత రౌటర్‌లో ఆ మోడ్ లేకపోతే చేత్తో చెయ్యాలి. అప్పుడు వరస ముఖ్యం.

ముందు నడిమింటి రౌటర్ నుంచి ఓఎన్‌టీ కేబుల్ తీసెయ్యండి. లాప్‌టాప్‌ని దాని లాన్ పోర్టుకి వైరుతో కలపండి. ఓఎన్‌టీ 192.168.1.1 అయితే, నడిమింటిదాని లాన్ అడ్రస్‌ని 192.168.1.2 చెయ్యండి. ఓఎన్‌టీ డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు ఇచ్చే ఏర్పాటు) పంచే వరస 100 నుంచి 200 దాకా అని పెట్టుకుంటే .2 ఎవరికీ పోదు. రౌటర్ మళ్ళీ లేచాక 192.168.1.2లో లాగిన్ అయ్యి డీహెచ్‌సీపీ ఆపండి, యూపీఎన్‌పీ కూడా ఆపండి. చివరగా ఓఎన్‌టీ నుంచి వచ్చే కేబుల్‌ని దాని వాన్ పోర్టులో కాదు, లాన్ పోర్టులో పెట్టండి. నీలం రంగు వాన్ పోర్టు ఖాళీగానే ఉంటుంది. దాని మీద చిన్న టేపు ముక్క అంటించండి. లేకపోతే తర్వాత వచ్చిన ఇంకో పనివాడు 'అరె, వైరు తప్పుచోట పెట్టారే' అని దిద్దేస్తాడు, మొదటికొస్తుంది.

వరస తప్పితే ఏమవుతుంది? డీహెచ్‌సీపీ ఆపకముందే కేబుల్ పెట్టారనుకోండి, ఒకే లాన్‌లో ఇద్దరు అడ్రస్‌లు పంచుతారు. ఏ ఫోన్‌కి ఎవరు ముందు జవాబిస్తే వాళ్ళే గేట్‌వే. సగం ఫోన్లకి నెట్ వస్తుంది, సగానికి రాదు, అదీ పూటకొకలా మారుతుంది. అడ్రస్ మార్చకుండా కలిపితే రెండు డబ్బాలూ 192.168.1.1 అనే కూర్చుంటాయి, ఏ పేజీ తెరుచుకుంటుందో మీకే తెలీదు. ఇంకొకటి, రెండు డబ్బాల మధ్య పొరపాటున రెండు కేబుళ్ళు కలిపితే అది వలయం. లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు మెరుస్తాయి, ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. ఒక్క కేబుల్ పీకగానే కుదురుకుంటుంది.

ఇలా చేశాక వంటింట్లో ఉన్న పరికరం కేక వేసినా నేరుగా ఓఎన్‌టీకే వినిపిస్తుంది. తలుపు ఒక్కటే, పద్దు ఒక్కచోటే.

ఓఎన్‌టీలో యూపీఎన్‌పీ సరిగ్గా లేకపోతేనో, కంపెనీ ఆ పేజీ తాళం వేసి ఉంచితేనో అప్పుడు తిరగెయ్యాలి. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (నాట్ చెయ్యకుండా నెట్‌ని అలాగే దాటించే తీరులో) పెట్టించి, నాట్ పని మీ రౌటర్‌కే ఇవ్వాలి. దీనికి కంపెనీవాళ్ళ సాయం కావాలి. అడిగేటప్పుడు మూడు సంగతులు రాయించుకోండి: పీపీపీఓఈ (కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ (ఒకే తీగ మీద నెట్‌వర్క్‌లని విడదీసే గుర్తు) నంబరు. వీలాన్ నంబరు తెలీకపోతే రౌటర్ ఎంతసేపైనా డయల్ చేస్తూనే ఉంటుంది, కలవదు. పీపీపీఓఈ మీద ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 పెట్టండి. ఆ ఇంట్లో ఓఎన్‌టీకే ల్యాండ్‌లైన్ ఫోన్ గానీ టీవీ గానీ కలిపి ఉంటే బ్రిడ్జ్ చేశాక అవి ఆగిపోతాయా అని ముందే అడగండి. పెద్దవాళ్ళున్న ఇంట్లో ల్యాండ్‌లైన్ పోతే పిల్లాడి ఆట బాగైందని ఎవరూ సంతోషించరు.

బ్రిడ్జ్ ఇవ్వం అని కంపెనీ అందనుకోండి. అప్పుడు డీఎంజెడ్. ఓఎన్‌టీలో నడిమింటి రౌటర్ వాన్ అడ్రస్‌ని రిజర్వ్ చేసి, ఉదాహరణకి 192.168.1.5 అనుకోండి, డీఎంజెడ్ అడ్రస్‌గా దాన్నే ఇవ్వండి. బయటినుంచి వచ్చేదంతా వీధి గుమ్మం దాటించి నడిమింటి తలుపు దాకా తెచ్చి వదలమని అర్థం. యూపీఎన్‌పీ నడిమింటిదాంట్లోనే ఉంచండి, ఓఎన్‌టీలో ఆపండి. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది, చాలామంది జుట్టు పీక్కునేది ఇక్కడే. చాలా రౌటర్ల లోపల యూపీఎన్‌పీ పని చేసేది మినీయూపీఎన్‌పీడీ అనే ప్రోగ్రాం. రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనూ అదే. తన వాన్ అడ్రస్ ప్రైవేటుదని కనిపిస్తే, 'బయట ఇంకో నాట్ ఉంది, నేను తెరిచినా లాభం లేదు' అని అది పోర్టు ఫార్వర్డింగ్ ఆపేస్తుంది. లాగ్‌లో ఆ వాక్యం స్పష్టంగా ఉంటుంది, చూసేవాళ్ళు తక్కువ. దానికి అసలు పబ్లిక్ ఐపీ ఏదో చెప్పాలి. స్టాటిక్ ఐపీ ఉంటే బయటి ఐపీ అనే గడిలో రాసెయ్యండి. మారే ఐపీ అయితే స్టన్ ఆన్ చెయ్యండి, బయటి సర్వర్‌ని అడిగి తనే తెలుసుకుంటుంది. డీఎంజెడ్ సరిగ్గా ఉంటేనే స్టన్ పరీక్ష నెగ్గుతుంది, కాబట్టి డీఎంజెడ్ ముందు, స్టన్ తర్వాత.

డీఎంజెడ్ పెట్టాక బయటి లోకానికి ఎదురుగా నిలబడేది నడిమింటి రౌటర్. దాని రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపి ఉండాలి, పాస్‌వర్డ్ మార్చి ఉండాలి, ఫర్మ్‌వేర్ తాజాగా ఉండాలి. ఈ మూడూ చూడకుండా డీఎంజెడ్ పెట్టకండి.

సభలోంచి ఒకరు: మేడమీద అద్దెవాళ్ళుంటారు కదా సార్. వాళ్ళ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ చేస్తే ఇద్దరి పరికరాలూ ఒకదానికొకటి కనిపించవా?

కనిపిస్తాయండీ. అందుకే అక్కడ ఆ పని చెయ్యకూడదు. రెండు కుటుంబాలున్నచోట రెండు నాట్‌లు ఉండడం తప్పు కాదు, అవసరం. కానీ ఎవరు ఎవరి వెనక ఉన్నారనేది చూసుకోవాలి. లోపలి రౌటర్ వెనక ఉన్నవాడు బయటి లాన్‌లో ఉన్న వాటిని చూడగలడు. బయటి లాన్‌లో ఉన్నవాడు లోపలివాణ్ణి చూడలేడు. మామూలుగా ఏం చేస్తున్నాం? ఇంటివాళ్ళ డీవీఆర్, టీవీ అన్నీ ఓఎన్‌టీకి కలుపుతున్నాం, అద్దెవాళ్ళ రౌటర్‌ని కూడా దానికే తగిలిస్తున్నాం. అంటే అద్దెవాళ్ళకి ఇంటివాళ్ళ డీవీఆర్ అందుబాటులో ఉంది. ఇంటివాళ్ళకి ఆ సంగతే తెలీదు.

సరైన పద్ధతి ఏమిటంటే ఓఎన్‌టీకి ఏ పరికరాన్నీ సూటిగా కలపకండి. ఓఎన్‌టీ వైఫై ఆపెయ్యండి. దాని వెనక రెండు రౌటర్లు, పక్కపక్కన. ఇంటివాళ్ళదానికి 192.168.1.5, అద్దెవాళ్ళదానికి 192.168.1.6 రిజర్వ్ చెయ్యండి. లోపలి లాన్‌లు వేర్వేరు అంకెలతో ఉండాలి, 192.168.10, 192.168.20 అని పెట్టుకోండి. లోపలా బయటా ఒకే 192.168.1 ఉంటే రౌటర్‌కి ఎటు పంపాలో తెలీదు. డీఎంజెడ్ ఒక్కరికే ఇవ్వగలం కాబట్టి ఇక్కడ అది వద్దు. ఓఎన్‌టీలో చేత్తో పద్దులు రాయండి: యూడీపీ 3074 వస్తే .6కి, యూడీపీ 51820 వస్తే .5కి. లోపలి రౌటర్‌లో యూపీఎన్‌పీ తన తలుపు తాను తీస్తుంది, వీధి తలుపుకి మనం రాసిన చేతి పద్దు ఉంటుంది. మేడమీద రెండు ఎక్స్‌బాక్స్‌లు ఉంటే రెండోదానికి 3074 దొరకదు. దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లో వేరే పోర్టు ఎంచుకునే వీలుంది. ఎంచుకున్న అంకెకి ఓఎన్‌టీలో ఇంకో పద్దు రాస్తే సరి. లోపలి రౌటర్ వాన్ అడ్రస్ ప్రైవేటుదే కాబట్టి ఇందాకటి మినీయూపీఎన్‌పీడీ చిక్కు ఇక్కడ కూడా వస్తుంది. స్టాటిక్ ఐపీ ఉంటే బయటి ఐపీ గడి నింపండి. లేకపోతే లోపల కూడా చేతి పద్దే రాసెయ్యండి.

ఇక గడువుల సంగతి. ఆటోమేటిక్ పద్దులు రాయడం తేలిక, కొట్టెయ్యడమే కష్టం. యూపీఎన్‌పీ మొదటి ప్రమాణంలో గడువు సున్నా అని రాస్తే శాశ్వతం. ఎన్నో పరికరాలు ఇప్పటికీ సున్నాయే పంపుతాయి. రెండో ప్రమాణంలో 604800 సెకన్లు, అంటే సరిగ్గా 7 రోజులే హద్దు. సున్నా రాసినా ఏడు రోజులుగానే లెక్క. నాట్‌-పీఎంపీ 7200 సెకన్లు, అంటే రెండు గంటలు అడగమంటుంది, సగం గడువులో మళ్ళీ పొడిగించుకోమంటుంది. నా ఉద్దేశంలో అదే సరైన మర్యాద. వాడుకునేవాడు ఉన్నంతసేపే తలుపు తెరిచి ఉంటుంది.

శాశ్వత పద్దు చేసే అల్లరి ఇది. డీవీఆర్‌కి మొన్న 192.168.1.104 వచ్చింది, 8000 పోర్టు తెరిపించుకుంది. రౌటర్ ఆగకుండా ఉండగా డీవీఆర్ ఒక్కదానికే కరెంటు పోయి వచ్చాక దానికి .117 వచ్చింది. మళ్ళీ 8000 అడిగింది. ఆ పోర్టు .104 పేరు మీద ఇంకా ఉంది కదా, రౌటర్ 718 అనే తప్పు నంబరుతో 'అది వేరేవాళ్ళది' అంటుంది. బయటినుంచి వచ్చేవాళ్ళు .104కే పోతారు. ఆ అడ్రస్ ఇప్పుడు ఎవరి ఫోన్‌కో ఉంటుంది. మందు తేలికే: పోర్టు తెరిపించుకునే ప్రతి పరికరానికీ డీహెచ్‌సీపీలో అడ్రస్ రిజర్వ్ చెయ్యండి. డబ్బా కింద అంటించిన మ్యాక్ నంబరు (పరికరం సొంత గుర్తింపు) ఫోన్‌తో ఫొటో తీసుకుంటే పని సులువు.

పద్దులు చూడ్డానికి రౌటర్ పేజీలో యూపీఎన్‌పీ పట్టిక ఉంటుంది. లాప్‌టాప్‌లో యూపీఎన్‌పీసీ అనే చిన్న పనిముట్టు వేసుకుంటే ఇంకా మేలు. యూపీఎన్‌పీసీ, హైఫన్ ఎస్ అంటే రౌటర్ ఏదో, తన బయటి ఐపీ ఎంత అనుకుంటోందో చూపిస్తుంది. అక్కడ 192.168తో అంకె వస్తే డబుల్ నాట్ ఆ ఒక్క వరసలోనే తేలిపోతుంది. హైఫన్ ఎల్ అంటే పద్దులన్నీ. హైఫన్ డీ, పోర్టు అంకె, టీసీపీయో యూడీపీయో రాస్తే ఆ పద్దు పోతుంది. ఏ పని అయినా పూర్తయ్యాక ఈ పట్టిక ఒకసారి చూసి, ఎవరిదో తెలీని పద్దు ఉంటే అడిగి తెలుసుకోండి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి అది కూడా చెబుతాను. ఈ తీరంలో తుపాను కాలం మనకి కొత్త కాదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఎలా వచ్చి వెళ్ళాయో చూశారు. తుపాను లేనిరోజుల్లో కూడా కరెంటు వచ్చీ పోతూ ఉంటుంది. చాలా రౌటర్లలో యూపీఎన్‌పీ పద్దులు మెమరీలోనే ఉంటాయి. రౌటర్ ఆగి లేస్తే అన్నీ పోతాయి, పరికరాలు మళ్ళీ అడగాలి. నాట్‌-పీఎంపీ రౌటర్ తను లేచి ఎన్ని సెకన్లయిందో ప్రతి జవాబులోనూ చెబుతుంది. ఆ లెక్క వెనక్కి తగ్గితే పరికరం 'ఓహో, ఇది ఆగి లేచింది' అని గ్రహించి మళ్ళీ రాయించుకుంటుంది. యూపీఎన్‌పీ వాడే పరికరాల్లో కొన్ని మాత్రం తాము ఆన్ అయినప్పుడు ఒక్కసారే అడుగుతాయి. అలాంటి డీవీఆర్ ఓఎన్‌టీ కంటే ముందే లేచిందో, అడిగినప్పుడు వినేవాళ్ళు ఉండరు. మర్నాడు పొద్దున్న విశాఖ నుంచి ఫోన్ వస్తుంది.

దీనికి సాఫ్ట్‌వేర్ మందు కన్నా మినీ యూపీఎస్ మంచిది. ఓఎన్‌టీ, నడిమింటి రౌటర్ ఆగకుండా ఉంటే పద్దులూ పోవు. కొనేముందు అడాప్టర్ల మీద అంకెలు చదవండి. రెండూ 12 వోల్టులే అయి, చెరొక 1 ఆంపియర్ అయితే, కనీసం 2 ఆంపియర్లు ఇచ్చేది తీసుకోండి. కొన్ని రౌటర్లు 9 వోల్టులవి ఉంటాయి, పిన్ను మాత్రం అదే సైజు. 12 వోల్టుల వైరు దానికి గుచ్చితే కాలిపోతుంది. పిన్ను పట్టింది కదా అని పెట్టెయ్యకండి.

ఇప్పుడు పాస్‌వర్డ్ అడగలేదన్న మాట దగ్గరికి వస్తాను. లాన్‌లో ఉన్న ఏ పరికరమైనా, దాంట్లో దూరిన ఏ వైరస్ అయినా తలుపు తీయమంటే యూపీఎన్‌పీ తీస్తుంది. అది చాలదన్నట్టు, కొన్ని రౌటర్లు ఈ కేకలకి వాన్ వైపు నుంచి కూడా జవాబిచ్చేవి. 2013లో ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ ఇంటర్నెట్ మొత్తం వెతికితే 8 కోట్లకి పైగా అడ్రస్‌లు అలా జవాబిచ్చాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షలాది కెమెరాలనీ డీవీఆర్‌లనీ పట్టుకుంది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టినవే దానికి చిక్కాయి.

కాబట్టి నేను గట్టిగా చెప్పే మాట ఇది. ఆటలకి, కాల్స్‌కి యూపీఎన్‌పీ వాడండి. డీవీఆర్‌కి, ఫైళ్ళు దాచే నాస్‌కి వాడకండి. డీవీఆర్ మెనూలో యూపీఎన్‌పీ అని ఉంటుంది, కొన్నిటికి ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో వస్తుంది. బిగించిన రోజే ఆపెయ్యండి. కెమెరా చూడ్డానికి రౌటర్‌లో వైర్‌గార్డ్ పెట్టి, ఒక్క యూడీపీ 51820ని చేత్తో తెరవండి. తాళంచెవి లేనివాడికి ఆ పోర్టు జవాబే ఇవ్వదు, ఉందో లేదో కూడా తెలీదు. వైర్‌గార్డ్ లేని రౌటర్ అయితే కెమెరా కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ పద్ధతి వాడండి, దానికి పోర్టు తెరవక్కర్లేదు.

మినీయూపీఎన్‌పీడీలో ఎవరికి అనుమతి, ఎవరికి లేదు అని నియమాలు రాయొచ్చు. మొదటి నియమం: ఎక్స్‌బాక్స్ అడ్రస్ ఒక్కదానికే, 1024 నుంచి 65535 వరకు అనుమతి. దాని కింద రెండో నియమం: మిగతా అందరికీ, అన్ని పోర్టులూ నిరాకరణ. పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయినదే లెక్క. నిరాకరణ పైన పెడితే ఎక్స్‌బాక్స్ కూడా ఆగిపోతుంది. సెక్యూర్ మోడ్ కూడా ఆన్ చెయ్యండి. అప్పుడు ఒక పరికరం తన అడ్రస్‌కే తలుపు తీయించుకోగలదు, పక్కవాడి పేరు మీద తీయించలేదు.

సభలోంచి మరొకరు: అన్నీ పెట్టాక కూడా పోర్టు చెక్ చేసే సైట్‌లో మూసి ఉందనే వస్తోందండీ.

రెండు చూడండి. ఆ పోర్టు మీద లోపల ఏదైనా వింటోందా? తలుపు తెరిచి ఉన్నా ఇంట్లో పలికేవాళ్ళు లేకపోతే ఆ సైట్ మూసి ఉందనే అంటుంది. ఆట ఆడుతుండగా, డీవీఆర్ నడుస్తుండగా పరీక్షించాలి. రెండోది, ఆ సైట్లలో చాలావరకు టీసీపీ మాత్రమే చూస్తాయి. 3074 యూడీపీని, 51820ని అవి సరిగ్గా చెప్పలేవు. అక్కడ నమ్మాల్సింది ఎక్స్‌బాక్స్‌లో నాట్ రకం చూపించే పరీక్షని, వైర్‌గార్డ్ యాప్‌లో చివరి హ్యాండ్‌షేక్ సమయాన్ని. ఏ పరీక్షైనా ఫోన్ వైఫై ఆపి, మొబైల్ డేటా మీద చెయ్యండి. ఇంటి వైఫై మీద ఉండి ఇంటి బయటి ఐపీ కొడితే, కొన్ని రౌటర్లు ఆ ప్యాకెట్‌ని వెనక్కి తిప్పి లోపలికి పంపలేవు. పని చేస్తున్నది కూడా పని చెయ్యనట్టు కనిపిస్తుంది.

ఇంకొకరు: ఐపీవీ6 వస్తే ఈ గొడవంతా ఉండదంటారు కదా?

నాట్ ఉండదు, నిజమే. ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ వస్తుంది. ఫైర్‌వాల్ మాత్రం ఉంటుంది, బయటినుంచి వచ్చేవాటిని ఆపుతుంది, ఆపాలి కూడా. కాబట్టి పద్దు రాయడం బదులు ఫైర్‌వాల్‌లో ఒక చిల్లు పెడతాం. పీసీపీకి, యూపీఎన్‌పీ రెండో ప్రమాణానికి ఆ పని వచ్చు. చాలా రౌటర్లలో మీరే రాయాలి. ఇంకో సంగతి, కంపెనీ ఒక్క /64 (ఒక్క లాన్‌కి సరిపోయే అడ్రస్‌ల వరస) మాత్రమే ఇస్తే నడిమింటి రౌటర్‌కి తన లాన్‌లో పంచడానికి ఏమీ మిగలదు, దాని వెనక ఐపీవీ6 రాదు. అదే డబ్బాని యాక్సెస్ పాయింట్ చేస్తే వంటింటి దాకా వచ్చేస్తుంది. బయటున్న ఫోన్‌కి కూడా ఐపీవీ6 ఉంటేనే ఈ దారి పనికొస్తుంది. ఆ కొడుకు విశాఖలో ఏ నెట్ వాడుతున్నాడో అడిగి, తన ఫోన్‌లో ఐపీవీ6 అడ్రస్ కనిపిస్తోందో లేదో ముందు తేల్చుకుని ఆ తర్వాతే ఇక్కడ ఫైర్‌వాల్ ముట్టుకోండి.